పార్సెల్ అబ్బాయి బెల్ కొడితే: ఇంట్లోవాళ్లు ఎలా మెలగాలి?

మా అత్తగారికి ఒక పట్టింపు ఉంది. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదు. పాల ప్యాకెట్ అయినా, పక్కింటివాళ్ల పాయసం గిన్నె అయినా సరే, "నువ్వన్నా లోపలికి రా, నేనన్నా బయటికొస్తా" అంటారు. మా నిజాంపేట ఫ్లాట్‌కి వారానికి నాలుగైదు పార్సెళ్లు రావడం మొదలయ్యాక ఈ పట్టింపుతో పెద్ద తంటా వచ్చిపడింది. ప్రతి కుర్రాడినీ ఆవిడ "లోపలికి రా నాయనా" అని పిలిచేవారు. అతను బూట్లు విప్పాలి, మళ్లీ వేసుకోవాలి. కింద బండికి కట్టిన సంచి నిండా ఇంకా ఎన్నో ఇళ్లవాళ్ల సరుకులు. నాకేమో ముక్కూమొహం తెలియనివాళ్లను హాల్లోకి పిలవడం ఇష్టం లేదు.

చివరికి ఇద్దరం రాజీపడ్డాం. ఎవరినీ లోపలికి పిలవం, మనమే గడప దాటి వరండాలోకి వెళ్లి తీసుకుంటాం. ఆవిడ పట్టింపూ నిలిచింది, మా తలుపూ మా చేతిలోనే ఉంది, వచ్చినవాడికీ తొందరగా పని అయిపోతోంది. తలుపు దగ్గర జరిగేది రెండు నిమిషాల పనే. కానీ అది సాఫీగా జరగాలంటే ఇంట్లో ముందే కొన్ని సర్దుకోవాలి.

1. ముందు చిరునామా సరిచేయండి

మర్యాద ఇక్కడే మొదలవుతుందంటాను నేను. మన హైదరాబాద్ ఇంటి నంబర్లు తెలిసినవే కదా: వార్డు, బ్లాకు, ఇల్లు, మధ్యలో గీతలు, ఆ తర్వాత పాత ఇంటి స్థలంలో కొత్తగా లేచిన ఇంటికి ఒక 'బై'. పక్కపక్క ఇళ్ల నంబర్లు వరసలో ఉంటాయన్న నమ్మకం లేదు. కేపీహెచ్‌బీలో (కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో) అయితే ఎల్‌ఐజీ, ఎంఐజీ అని ఇళ్ల రకాలున్నాయి. ఎల్‌ఐజీ అని రాయడం మరిచిపోయి ఒట్టి నంబరు రాస్తే, అదే నంబరున్న ఎంఐజీ ఇంటి ముందు నిలబడి ఫోన్ చేస్తారు. ప్లాట్ నంబరు, ఫ్లాట్ నంబరు తారుమారైతే సరేసరి.

కాబట్టి అపార్ట్‌మెంట్ పేరు, బ్లాకు, అంతస్తు, ఫ్లాట్ నంబరు విడివిడిగా రాయండి. గుర్తు చెప్పేటప్పుడు "హనుమాన్ గుడి దగ్గర" అనకండి, మన ఊళ్లో హనుమాన్ గుడి లేని వీధి ఏది? అత్తాపూర్ వైపు వాళ్ల తెలివి చూసి నేర్చుకోవాలి. 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ వచ్చాక అక్కడ ఫంక్షన్ హాలుకైనా ఆస్పత్రికైనా పిల్లర్ నంబరే గుర్తు. 2017 నవంబర్‌లో మెట్రో మొదలయ్యాక మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా కూడా అదే అలవాటైంది. ఆ దగ్గర్లో ఉండేవాళ్లు పిల్లర్ నంబరు రాసి, ఎడమ సందో కుడి సందో చెబితే చాలు.

పిన్‌కోడ్‌ను అలవాటుగా కొట్టేయకండి. మాది 500090, పక్కనే ఉన్న కూకట్‌పల్లి 500072. ఈ రెండూ తారుమారు చేసి ఒకసారి మిక్సీ జార్ కోసం మూడు రోజులు ఎదురుచూశాను.

2. ఏమేం రావాలో ఇంట్లో అందరికీ తెలియాలి

ఆర్డర్ పెట్టింది కోడలు, తలుపు తీసేది అత్త, డబ్బు కట్టేది మామ. ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే, మోసగాళ్లకు కావలసిందీ ఇదే. ఇంట్లోవాళ్ల పేరు, ఫోన్ నంబరు సరిగ్గా ఉన్న ఒక డబ్బా వస్తుంది, ఆరేడు వందలు కట్టమంటారు. పేరు సరిపోయింది కదా అని పెద్దవాళ్లు కట్టేస్తారు. విప్పితే లోపల పాత గుడ్డముక్క.

మేం ఒక చిన్న నియమం పెట్టుకున్నాం. డబ్బు కట్టాల్సిన పార్సెల్ ఏదైనా ఉంటే, ఆర్డర్ పెట్టినవాళ్లు ఆ రోజు పొద్దున్నే ఇంటి వాట్సాప్ గ్రూపులో వస్తువు పేరు, మొత్తం రాయాలి. సరిపడా చిల్లర ఫ్రిజ్ మీద కవర్లో పెట్టాలి. కవర్ లేకపోతే పార్సెల్ తీసుకోరు. "మా పిల్లలు చెప్పలేదు బాబూ, తీసుకెళ్లిపో" అనడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. అలా అనడం తప్పేమీ కాదని మనమే వాళ్లకు ధైర్యం చెప్పాలి. (శుక్రవారం సాయంత్రం ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వనివాళ్లు ఫోన్‌లోనే ముందుగా కట్టేయడం మేలు. మా అత్తగారి దృష్టిలో యూపీఐలో వెళ్లేది డబ్బు కిందికి రాదు!)

3. ఫోన్ వస్తే ఎత్తండి, కానీ ఏదీ డయల్ చేయకండి

"అన్నా, మీ గల్లీల ఉన్న, ఎటు రావాలె?" అన్న ఫోన్‌కి రెండు ముక్కల్లో దారి చెప్పండి. బైక్ మీద హెల్మెట్‌లో ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతున్న మనిషికి కాలనీ చరిత్ర అక్కర్లేదు. హిందీ మాత్రమే వచ్చిన అబ్బాయి అయితే మనకొచ్చిన హిందీలోనే సర్దుకుందాం. ఈ ఊళ్లో ఎవరి హిందీ మాత్రం సరిగ్గా ఉంది?

ఇంట్లో ఒంటరిగా ఉన్నారన్న సంగతి ఫోన్‌లో చెప్పకండి. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అంటే "ఉన్నాం, రండి" చాలు. చిన్నపిల్లలొక్కరే ఉన్న సమయమైతే వాచ్‌మన్‌కి ఇమ్మనండి, పిల్లలతో తలుపు తీయించకండి.

ఇంకొక రకం ఫోన్ ఉంది. "మీ అడ్రస్ దొరకట్లేదు, డెలివరీ అబ్బాయితో మాట్లాడటానికి ఈ నంబరు నొక్కండి" అంటారు. ఆ నంబరు ముందు స్టార్ గుర్తుతో 21 అనో 401 అనో ఉంటుంది. నొక్కితే మీకు రావలసిన కాల్స్ వాళ్లకు మళ్లిపోతాయి. బ్యాంకు ఫోన్ చేసి చెప్పే ఓటీపీ కూడా వాళ్ల చెవిలోనే పడుతుంది. పొరపాటున నొక్కితే వెంటనే ##002# డయల్ చేయండి, ఆ మళ్లింపులన్నీ రద్దవుతాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. "మీ పేరు మీద వచ్చిన పార్సెల్‌లో డ్రగ్స్ దొరికాయి, పోలీసులు వీడియో కాల్‌లో మాట్లాడతారు" అన్నా పెట్టేయడమే. వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు.

4. కుక్క ఉంటే ముందు దాన్ని కట్టేయండి

దీన్ని నేను తేలిగ్గా చెప్పలేను. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు కస్టమర్ ఇంటి తలుపు తట్టాడు. లోపలి నుంచి పెంపుడు కుక్క మీదికి దూకింది. తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఇరవై మూడేళ్లవాడు, ఆస్పత్రిలో ప్రాణం పోయింది. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇంకో డెలివరీ అతను కుక్కకు భయపడి మూడో అంతస్తు నుంచే దూకి గాయాలపాలయ్యాడు.

"మాది ఏమీ అనదండీ" అనేది ఇంటివాళ్ల మాట. అది మీ వాసన తెలిసిన కుక్క, అతని వాసన తెలిసినది కాదు. బెల్ మోగగానే చేయాల్సిన మొదటి పని తలుపు తీయడం కాదు, కుక్కను గదిలో పెట్టి గడియ వేయడం. అంతవరకు "ఒక్క నిమిషం" అని లోపలి నుంచి కేకేయండి. ఆర్డర్‌లో సూచనలు రాసే చోట "ఇంట్లో కుక్క ఉంది, బెల్ కొట్టి మెట్ల దగ్గర నిలబడండి" అని కూడా రాయొచ్చు.

5. గడప దగ్గర

ఇనుప గ్రిల్ ఉంటే దాని వెనక నుంచే ఎవరో, ఏం తెచ్చారో అడిగి, ఆ తర్వాత బయటికి రండి. మగవాళ్లకో మాట: ఒంటిమీద తువ్వాలుతో తలుపు తీయకండి. ఈ పని ఇప్పుడు ఆడపిల్లలూ చేస్తున్నారు. బనీను మీద చొక్కా వేసుకునేంత టైము ఎవరికైనా ఉంటుంది.

పిలుపు సంగతి. "ఏయ్ అబ్బాయ్, అక్కడ పెట్టు" అనేవాళ్లను మా అపార్ట్‌మెంట్‌లోనే చూస్తుంటాను. అదే నోరు బ్యాంకు ఉద్యోగిని "అండీ" అంటుంది. వయసులో చిన్నవాడైతే "తమ్ముడూ", "బాబూ" అనండి. తోటివాడైతే "అన్నా" ఉంది, అది ఈ ఊరి తీపిమాట. యాభై దాటిన మనిషి మెట్లెక్కి వచ్చినప్పుడు మాత్రం 'నువ్వు' నోట రాకూడదు. పార్సెల్ కుడిచేత్తో అందుకోండి. బరువైనదైతే రెండు చేతులూ పట్టండి.

మే నెల మధ్యాహ్నం, బయట నలభై దాటిన ఎండలో వచ్చినవాళ్లను మంచినీళ్లు కావాలా అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేం వరండాలో చెప్పుల స్టాండ్ పక్కన చిన్న స్టూలు, మూతపెట్టిన కుండ, గ్లాసు పెట్టాం. కావలసినవాళ్లు తాగుతారు, తలుపు తట్టే పని కూడా లేదు. బాత్‌రూమ్ అడిగితే కిందనున్న వాచ్‌మన్ బాత్‌రూమ్ చూపించండి. దానికి తాళం వేసే అలవాటు మీ అసోసియేషన్‌కి ఉంటే మీటింగులో అడగండి. లిఫ్ట్ సంగతీ అక్కడే తేల్చాలి. ఇరవై కిలోల బియ్యం బస్తాతో మనిషిని ఐదంతస్తులు ఎక్కించే నియమాన్ని ఎవరు పెట్టారో, వాళ్లను ఒకసారి ఎక్కి చూడమనాలి.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివి తెచ్చేవాళ్లు ఎలాగూ లోపలికి రావాల్సిందే. ఆ రోజు దారిలోని టీపాయ్ జరిపి, బీరువా గది తలుపు వేసి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా దగ్గరుండండి. పని అయ్యేదాకా పక్కనే ఉండి చూసుకోవడం జాగ్రత్తే, అనుమానం కాదు.

6. ఓటీపీ, డబ్బు

డబ్బా చేతికి వచ్చాకే ఓటీపీ. ఇందులో మినహాయింపు లేదు. చెప్పేముందు ఆ మెసేజ్‌ను చివరిదాకా చదవండి. డెలివరీ కోసం వచ్చిందా, డబ్బు చెల్లించడానికి వచ్చిందా అన్నది అందులోనే ఉంటుంది. మనం ఆర్డరే పెట్టని పార్సెల్ తెచ్చి, "ఆర్డర్ క్యాన్సిల్ చేయడానికి ఓటీపీ చెప్పండి" అనేవాళ్లూ ఉంటారు, చెప్పకండి.

టేపు చింపి మళ్లీ అంటించినట్టుంటే తీసుకోకండి. ఖరీదైన వస్తువైతే లేబుల్ కనిపించేలా మొదలుపెట్టి, విప్పేదంతా ఫోన్‌లో వీడియో తీయండి. లోపల ఇటుకముక్క వస్తే పోట్లాడాల్సింది అమ్మిన కంపెనీతో, తెచ్చిన కుర్రాడితో కాదు. డబ్బాలో ఏముందో మనలాగే అతనికీ తెలియదు. కంపెనీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

స్కాన్ చేసి కట్టేటప్పుడు తెరమీద వచ్చిన పేరు చూడండి. డబ్బు వెనక్కి ఇస్తామని యూపీఐ పిన్ కొట్టమంటే కొట్టకండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

7. ఇంట్లో లేనప్పుడు

వాచ్‌మన్‌కి ఇమ్మనడం మామూలే. కానీ "మీ వాచ్‌మన్‌కి ఇచ్చేశాను, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే, ముందు వాచ్‌మన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. అతని చేత డబ్బు కట్టించకండి. పదిహేను వేలో ఎంతో జీతమొచ్చే మనిషి మీ చెప్పుల జత కోసం అప్పు పెట్టకూడదు.

పక్కింటివాళ్ల విషయం ఇంకాస్త సున్నితం. మా ఎదురింటి ఆంటీ దాదాపు ఏడాది మా పార్సెళ్లు తీసి ఉంచారు. ఒకరోజు, "అమ్మాయ్, మధ్యాహ్నం కాస్త కునుకు తీసే టైముకే బెల్ కొడుతున్నారే" అన్నారు, నవ్వుతూనే. అంతకాలం ఆవిడ నిద్ర మీద నేను సరుకులు తెప్పించుకున్నానని అప్పుడు తెలిసింది. అడగకుండా పక్కింటి నంబరు రాయకండి. అడిగినా నెలకొకటో రెండో. అదే రోజు సాయంత్రం వెళ్లి తెచ్చుకోండి. వాళ్లు "మళ్లీ కొన్నావా?" అంటే విసుక్కోకండి, మోసినవాళ్లకు ఆ మాత్రం హక్కుంటుంది.

8. ఎవరి పేరుంటే వాళ్లే విప్పాలి

ఇంట్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే. కోడలి పేరుతో వచ్చిన డబ్బాను "ఏముందో చూద్దామని" విప్పేస్తారు. లోదుస్తులు ఉండొచ్చు, మందులు ఉండొచ్చు, ఎవరి పుట్టినరోజుకో దాచిన కానుక ఉండొచ్చు. కాలేజీకి వెళ్లే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. మా ఇంట్లో షూ ర్యాక్ మీద ఒక బుట్ట ఉంది. తీసుకున్నవాళ్లు అందులో వేస్తారు, పేరున్నవాళ్లు తీసుకుంటారు. మొదటి నెల అత్తగారు డబ్బా ఊపి చూసేవారు. ఇప్పుడు అదీ మానేశారు.

9. హద్దు దాటితే

పార్సెల్ ఇచ్చివెళ్లాక ఆ నంబరు నుంచి మెసేజ్‌లు వస్తే జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి కంపెనీకి ఫిర్యాదు చేయండి. ఆగకపోతే డయల్ 100, లేదా మహిళల భద్రత కోసం 2014 నుంచి ఉన్న పోలీసు బృందాలు షీ టీమ్స్. ఇది అటునుంచి హద్దు. ఇటునుంచీ ఉంది: పది నిమిషాలు ఆలస్యమైందని తక్కువ స్టార్లు ఇచ్చేముందు, ఆ రోజు వాన పడిందేమో గుర్తుచేసుకోండి. పంజాగుట్టలో గంట వానకే మనం ఆఫీసు నుంచి ఎప్పుడు ఇల్లు చేరామో మనకు తెలియదా?

10. డబ్బా పారేసేముందు

లేబుల్ మీద పేరు, ఫోన్ నంబరు, చిరునామా అన్నీ ఉంటాయి. దాన్ని చింపో, పెన్నుతో గీకో పారేయండి. అట్టపెట్టెలను పొడిచెత్తలో మడిచి వేయండి, లేదా పాత పేపర్లవాళ్లకు ఇవ్వండి.

మా అత్తగారు గట్టి డబ్బాలు పారేయనివ్వరు. అటక మీద దాస్తారు. పోయిన వేసవిలో బెంగళూరులో ఉన్న మా ఆడపడుచుకి రెండు సీసాల ఆవకాయ అలాంటి డబ్బాలోనే సర్ది కొరియర్‌లో వేయించారు. పక్కవైపున్న పాత లేబుల్‌ను ఎవరం చూడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం బెల్ మోగింది. అత్తగారే గడప దాటి వెళ్లి, కుర్రాడికి మంచినీళ్లిచ్చి, తన ఆవకాయను తనే అందుకున్నారు.