బ్రిటిష్ సీరియల్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? మా అమెరికా బావ చెప్పిన వరస

మా బావ ఒంగోలులో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, పాతికేళ్ళకు పైగా ఒహాయోలో ఉంటూ, అమెరికా పౌరసత్వం కూడా తీసుకుని, చివరికి బ్రిటిష్ సీరియల్స్ పిచ్చిలో పడ్డాడు. వెళ్ళిన కొత్తలో కేబుల్‌కి డబ్బులు దండగని యాంటెన్నా పెట్టుకుంటే, పీబీఎస్ అనే లాభాపేక్ష లేని అమెరికా ఛానెల్ ఒక్కటే శుభ్రంగా వచ్చేదంట. శనివారం రాత్రయితే అందులో పాత బ్రిటిష్ కామెడీలు. పీబీఎస్ చూసేవాళ్ళ చందాల మీద కూడా ఆధారపడే వ్యవహారం, 1971 జనవరి నుంచి మాస్టర్‌పీస్ థియేటర్ పేరుతో బ్రిటిష్ నాటకాలు తెచ్చి వేస్తూనే ఉంది, అమెరికాలో చాలామందికి ఈ జబ్బు అంటించింది అదే. మంచి పట్టు మీద ఉన్నప్పుడు ఆపేసి చందా అడుగుతారంట. బావ కట్టాడు, ఒక గుడ్డసంచి ఇచ్చారు. ఆ సంచిలో ఇప్పుడు కావలిలో మా అమ్మ వంకాయలు తెచ్చుకుంటోంది.

మూడేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు బావ నన్ను కూర్చోబెట్టి ది ఆఫీస్ పెట్టాడు. ఇరవై నిమిషాలు ఓపిక పట్టి, "ఏంది బావా, ఒక్కడన్నా నవ్వడే, ఇది కామెడీనా?" అన్నాను. "అదేరా కామెడీ" అన్నాడు. నాకు నిద్రొచ్చింది. తర్వాత తెలిసిందేందంటే తప్పు సీరియల్‌ది కాదు, వరసది. అది పదో మెట్టు, నన్ను తీసుకెళ్ళి దాని మీద నిలబెట్టాడు. కాబట్టి మీరు కింది మెట్టు నుంచే రండి.

ముందు సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి. ఇంగ్లీషు మీడియంలో చదివాం, హాలీవుడ్ సినిమాలు చూస్తాం అని పరువుకి పోవద్దు. లండన్ మనిషి మాట ఒక తీరు, యార్క్‌షైర్ రైతు మాట ఇంకో తీరు. బావే ఇన్నేళ్ళ తర్వాత కూడా సబ్‌టైటిల్స్ లేకుండా చూడడు. డబ్బులు కట్టే ముందు యూట్యూబ్‌లో బీబీసీ వాళ్ళ సొంత ఛానెళ్ళలో రెండు మూడు నిమిషాల ముక్కలు ఉంటాయి, అవి రుచి చూడండి. ఏ యాప్‌లో ఏది ఉందనేది మారిపోతూ ఉంటుంది గనక నేను చెప్పి లాభం లేదు.

ఇక మొదటి సీరియల్. కీపింగ్ అప్ అప్పియరెన్సెస్, 1990 నుంచి 1995 దాకా వచ్చింది. హయసింత్ అనే ఆవిడ ఇంటిపేరు 'బకెట్'. ఆవిడేమో దాన్ని 'బొకే' అని పలకాలంటుంది, ఫోన్ ఎత్తితే చాలు "బొకే వారి నివాసం, ఇంటి ఇల్లాలిని మాట్లాడుతున్నాను" అని మొదలుపెడుతుంది. బకెట్టూ బొకే రెండూ మనకి తెలిసిన మాటలే, ఇంతకన్నా తేలికైన ప్రవేశం ఉండదు. పక్కింటి ఎలిజబెత్‌ని కాఫీకి పిలుస్తుంది. ఖరీదైన పింగాణీ కప్పు చేతికిస్తుంది. ఎక్కడ పగులుతుందో అన్న భయానికి ఎలిజబెత్ చెయ్యి వణుకుతుంది, కప్పూ సాసరూ టకటకమంటాయి, కాఫీ తొణుకుతుంది. మా అమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు, అక్కడ మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. "మన ఇంట్లో స్టీలు గ్లాసులో ఇస్తే తాగదే, ఆమె లేదూ, అచ్చం ఆమే" అంది. ఎవరో నాకూ తెలుసు, రాయను.

రెండోది యెస్ మినిస్టర్. 1980లో మొదలై, యెస్ ప్రైమ్ మినిస్టర్‌గా 1988 దాకా నడిచింది. మంత్రి జిమ్ హ్యాకర్ ఏదో మంచి పని చేద్దామంటాడు, ఆయన శాఖలో పెద్ద అధికారి సర్ హంఫ్రీ చాలా మర్యాదగా అది జరగకుండా చూస్తాడు. కథంతా అంతే. మంత్రిని ఆపాలంటే హంఫ్రీ "వద్దు" అనడు, "చాలా సాహసోపేతమైన నిర్ణయం మంత్రిగారూ" అంటాడు. మంత్రి ముఖం పాలిపోతుంది. ఎందుకంటే వాళ్ళ లెక్కలో 'వివాదాస్పదం' అంటే ఓట్లు పోతాయని, 'సాహసోపేతం' అంటే ఎన్నికలే పోతాయని. ఇది అర్థమైతే మీకు బ్రిటిష్ టీవీ సగం వచ్చేసినట్టే, ఎందుకంటే జోకు వాళ్ళు అనే మాటలో ఉండదు, అనకుండా మింగిన మాటలో ఉంటుంది. అమెరికన్లకి ఇది అలవాటవడానికి టైం పడుతుందని బావ అంటాడు గానీ మనకెందుకు పడుతుంది? "చూద్దాం లెండి" అన్నారంటే పని కాదని, "తప్పకుండా చేద్దాం సార్" అన్నారంటే అసలే కాదని ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతివాడికీ తెలుసు. వెటకారం గోదావరి వాళ్ళ సొత్తని అందరూ అంటారు. మా కావలి బస్టాండ్ దగ్గర ఒక గంట నిలబడితే తెలుస్తుంది.

దీన్ని రెండోసారి కూడా చూడండి. హంఫ్రీ ఒక్కో వాక్యం మూడు మలుపులు తిరుగుతుంది, మొదటిసారి చదివే లోపే సబ్‌టైటిల్ మారిపోతుంది. చేపల పులుసు మర్నాటికి బాగుంటుంది చూడండి, అట్టా.

నవ్వులు మీకు పడవా, పల్లెటూరి కథలు కావాలా? అయితే ఆల్ క్రియేచర్స్ గ్రేట్ అండ్ స్మాల్. 1930ల్లో యార్క్‌షైర్ కొండల్లో పశువుల డాక్టర్ల కథ. 1978లో బీబీసీ తీసిందొకటుంది, 2020లో మొదలైన కొత్తదొకటుంది, కొత్తదానితో మొదలుపెట్టండి. టంగుటూరు దగ్గర మా మామయ్యకి ఒంగోలు జాతి ఎద్దులున్నాయి, బండలాగుడు పందేలకి తీసుకెళ్ళేవాడు. ఆయన్ని కూర్చోబెట్టి చూపించాం. డాక్టరు చొక్కా విప్పి, చెయ్యి భుజం దాకా సబ్బు రాసుకుని, ఈనలేక అవస్థ పడుతున్న ఆవు లోపల దూడని సర్దుతుంటే మామయ్య మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. "కాళ్ళు ముందు దొరకబుచ్చుకో రా నాయనా" అని టీవీకి చెప్తున్నాడు. సబ్‌టైటిల్స్ ఆయనకి అక్కర్లేదు.

టెన్షన్ కావాలంటే బ్రాడ్‌చర్చ్, 2013. సముద్రం పక్కన చిన్న ఊరు, ఒక పిల్లాడి హత్య, మొదటి సిరీస్‌లో ఎనిమిది ఎపిసోడ్లూ ఆ ఒక్క కేసే. ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు, అందుకే అందరి మీదా అనుమానమే. అది చూసిన వారం తుమ్మలపెంట బీచ్‌కి వెళ్తే బజ్జీలమ్మే ఆయన్ని కూడా తేరిపార చూశాను, పాపం. అమెరికా వాళ్ళు దీన్నే 2014లో గ్రేస్‌పాయింట్ అని మళ్ళీ తీశారు, హీరో కూడా ఆ డేవిడ్ టెనెంటే, యాస మాత్రం మార్చుకున్నాడు. ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. ది ఆఫీస్‌కి కూడా రెండు రూపాలున్నాయి. వెతికేటప్పుడు పేరు పక్కన సంవత్సరం కొట్టండి: బ్రిటిష్‌ది 2001, అమెరికాది 2005. మొదటిదాంట్లో పన్నెండు ఎపిసోడ్లూ క్రిస్మస్‌కి వేసిన రెండు ప్రత్యేక భాగాలూ, అంతే. రెండోది తొమ్మిది సీజన్లు.

ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి. ఫాల్టీ టవర్స్ అని అందరూ తలమీద పెట్టుకునే కామెడీ ఉంది, 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం కలిపి పన్నెండు. మన సీరియల్‌లో పన్నెండు ఎపిసోడ్లకి అత్తగారు మెట్లు కూడా దిగదు. కాబట్టి ఒక్క ఆదివారంలో ఊదెయ్యకండి, రోజుకి రెండు చాలు. అయిపోయాక బావలాగా దిగాలుగా కూర్చుంటారు.

ఇంకొకటి. చూస్తున్న సీరియల్ గురించి పూర్తయ్యేదాకా గూగుల్ చేయొద్దు, నటుల పేర్లు అసలే కొట్టొద్దు, కొట్టగానే ఎవరు చచ్చిపోతారో వచ్చేస్తుంది. డౌంటన్ ఆబీ మూడో సిరీస్ బ్రిటన్‌లో 2012 సెప్టెంబరులో మొదలై క్రిస్మస్ రోజు చివరి భాగంతో ముగిస్తే, అమెరికాలో మొదటి భాగమే 2013 జనవరి 6న వచ్చింది. ఆ మధ్యలో లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఊరుకోలేక బావకి ఫోన్ చేసి, చివర్లో ఏమవుతుందో చెప్పేశాడు. ఆ సంక్రాంతికి పండగ శుభాకాంక్షలు చెబుదామని వాడు నాలుగుసార్లు ఫోన్ చేసినా బావ ఎత్తలేదు.