పనిరోజు సాయంత్రం ఏ ఇండీ కచేరీకి వెళ్లాలి?

హైదరాబాదులో ఏ బుధవారమో గురువారమో టికెట్ల యాప్ తెరిస్తే ఒకే సాయంత్రానికి రెండు మూడు ఇండీ కార్యక్రమాలు, అంటే సినిమాలతో పని లేకుండా తమ పాటలు తామే కట్టుకునే బృందాల కచేరీలు, కనిపించడం ఇప్పుడు వింత కాదు. అయితే శనివారం కచేరీని ఎంచుకునే పద్ధతి పనిరోజుకు సరిపోదు. శనివారం ఎవరు పాడుతున్నారని ముందుగా చూస్తాము. పనిరోజున మాత్రం ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటామన్నదే ముందు తేల్చుకోవాలి. మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు మీటింగు ఉన్నవారు దీన్ని అరసికత్వమని బాధపడనక్కరలేదు.

అందుకే లెక్కను ఇంటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావడం మంచిది. రాయదుర్గంలో ఉద్యోగం, ఉప్పల్‌లో ఇల్లు ఉన్నవారికి నాగోలు వైపు వెళ్లే మెట్రో దారిలో ఎక్కడ కచేరీ జరిగినా అనుకూలమే. అదే కొండాపూర్‌లో అయితే ఇంటికి ఎదురు దిశలో వెళ్లి, రాత్రి మళ్లీ అంత దూరమూ తిరిగి రావాలి. ఎల్బీనగర్ వైపు వారికి ఎర్రమంజిల్, పంజాగుట్ట స్టేషన్ల చుట్టుపక్కల వేదికలు నయం, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో అమీర్‌పేటలో రైలు మారే పని ఉండదు. చివరి రైలు వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి పాత జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఆ వారం వేళనే చూసుకోవాలి. ఐపీఎల్ రోజుల్లో ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంటే ఆ వైపు వెళ్లేవారు ఇంకో అరగంట కలుపుకోవాలి.

తరువాత చూడవలసింది ప్రకటనలో ఉన్న సమయం. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. అందువల్ల ఆరుబయట, పెరట్లో, చెట్ల కింద జరిగే కచేరీలు పదిలోపు ముగించాలనే తొందరతో సాధారణంగా వేళకే మొదలవుతాయి. పబ్బులో ‘ఎనిమిది గంటలకు’ అని రాస్తే దానికి తలుపులు తెరుస్తారన్న అర్థం మాత్రమే ఉండవచ్చు. ఒకసారి నేను ఎనిమిదికి వెళ్లి కూర్చుంటే బ్యాండు వేదిక ఎక్కేసరికి పది దాటింది. ఆ రెండు గంటలూ గోడ మీది తెరపై క్రికెట్ చూశాను, అదీ శబ్దం లేకుండా. అప్పటి నుంచి ఫోన్ చేసి ‘షో ఎన్నింటికి’ అని అడగడం మానేసి, ‘ప్రధాన బ్యాండు వేదిక ఎక్కేది ఎన్నింటికి, ముందు ఎవరైనా పాడుతున్నారా’ అని అడుగుతున్నాను. సూటిగా జవాబు చెప్పలేని చోటును పనిరోజు జాబితాలోంచి తీసేయడమే మేలు.

ఇక అసలు విషయం: వాళ్లు పాడేది తమ పాటలేనా? మన దగ్గర పాట అంటే సినిమా పాట అనే అలవాటు ఎంత బలమైనదంటే, ఇండీ అని ప్రకటించిన కార్యక్రమంలో కూడా నాలుగో పాటకల్లా వెనక బల్లల నుంచి సినిమా పాట కావాలన్న కేకలు వినిపిస్తాయి, వేదిక మీదివారు కాదనలేక లొంగిపోతారు. సినిమా పాటల కవర్లు, అంటే ఇతరుల పాటలను మళ్లీ పాడేవి, వినడం తప్పేమీ కాదు గాని, దాని కోసం మంగళవారం నిద్ర పోగొట్టుకోవాలా అన్నది ఆలోచించాలి. జానపదాన్ని జమైకా సంగీత శైలి రెగేతో కలిపి తెలుగులో సొంత పాటలు కట్టిన చౌరస్తా, త్యాగరాజ కృతులను రాక్ వాయిద్యాల మధ్యకు తెచ్చిన బెంగళూరు బృందం అగం వంటి పేర్లు తెలిసినవారికి ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. పేరు తెలియని బ్యాండు అయితే పోస్టరు చూడండి: ‘బాలీవుడ్ నైట్’, ‘రెట్రో’ వంటి మాటలుంటే అవి కవర్లే, సొంత పాటల పేర్లో, కొత్త ఆల్బమ్ మాటో ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

ఆ మీదట ఒక్క పని చేయండి. వారి స్టూడియో రికార్డింగును పక్కన పెట్టి, ప్రేక్షకుల్లో ఎవరో ఫోన్‌తో తీసిన వీడియో ఒకటి రెండు నిమిషాలు వినండి. స్టూడియోలో గొంతును ఎంతైనా సరిదిద్దవచ్చు, ఫోన్ వీడియోలో ఆ సదుపాయం ఉండదు. అందులో శబ్దం నాణ్యతను పట్టించుకోకుండా, గాయకుడు శ్రుతిలో నిలుస్తున్నాడా, పాటకూ పాటకూ మధ్య ఏం చేస్తున్నాడు, జనం వింటున్నారా లేక మాట్లాడుకుంటున్నారా అన్నవి గమనించండి. నా మట్టుకు ఈ మూడో గుర్తే అన్నిటికన్నా నమ్మదగినది.

వేదిక విషయంలో నా పక్షపాతం దాచుకోను: పనిరోజుకు చిన్న గదే మంచిది. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్ వంటి చోట సమోసా తిని చాయ్ తాగి, గాయకుడికి నాలుగు గజాల దూరంలో కూర్చుని విని, పార్కింగ్ వరుసల్లో చిక్కుకోకుండా బయటపడవచ్చు. వేల మంది వచ్చే హాలులో ప్రవేశానికి, నిష్క్రమణకు పట్టే సమయమే ఒక కచేరీ అంత అవుతుంది. గది చిన్నదైనంత మాత్రాన శబ్దం తక్కువని కాదు. కచేరీ వేదికల్లో 15 నిమిషాల సగటు శబ్ద తీవ్రత 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది, కాబట్టి స్పీకర్ల పక్క చోటే మిగిలితే చెవిలో పెట్టుకునే ప్లగ్గులు జేబులో ఉండాలి.

డబ్బు సంగతి త్వరగా తేలుతుంది. 500 రూపాయల వరకు టికెట్టుపై జీఎస్టీ లేదు, అది దాటితే 18 శాతం పడుతుంది. 499 రూపాయల టికెట్లు తరచుగా కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. యాప్ వసూలు చేసే రుసుము వేరు. పబ్బుల్లో కవర్ ఛార్జి, అంటే లోపలికి వెళ్లడానికి కట్టే రుసుము, ఉంటే ఆ మొత్తాన్ని తిండిలో సర్దుతారా లేదా అని ముందే అడగాలి. తెలంగాణలో మద్యపానానికి కనీస వయసు 21 కనుక అంతకన్నా చిన్నవారిని పబ్బు గుమ్మం దగ్గరే ఆపవచ్చు, విద్యార్థులు ఈ సంగతి కూడా కనుక్కుని బయలుదేరాలి.

ఇన్ని వడపోతల తరువాత కూడా రెండు కచేరీలు మిగిలితే, ఊరు దాటి వచ్చిన బృందానికి ఓటు వేయండి. వారు మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పలేము, ఊళ్లోని బ్యాండు వచ్చే నెలైనా దొరుకుతుంది. ఊరి బ్యాండు తన కొత్త పాటలను మొదటిసారి వినిపిస్తున్న సాయంత్రమైతే మాత్రం నేను అటే వెళతాను.