మన బోర్డు మనమే పెట్టుకుందాం – రెండో పాఠం: ఎవరికి ఏది కనిపించాలి?

పోయిన పాఠంలో ల్యాప్‌టాప్‌లోనే అపాచీ (వెబ్ సర్వర్), మరియాడీబీ (డేటాబేస్), పీహెచ్‌పీ (ప్రోగ్రామింగ్ భాష) పెట్టుకుని, వాటి మీద పీహెచ్‌పీబీబీ 3.3 ఎక్కించాం. సభ్యులు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే చర్చా బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. ఇన్‌స్టాల్ అనే ఫోల్డర్ ఇంకా అక్కడే ఉంటే అడ్మిన్ ప్యానెల్ తప్ప బోర్డు తెరుచుకోదు. కాబట్టి ముందు దాన్ని తీసేసి, బోర్డు తెరిచి చూడండి. ఒక కేటగిరీ, దాని కింద ఒక ఫోరమ్, అందులో స్వాగతం చెప్పే పోస్టు ఒకటి కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే.

ఈ పాఠాలన్నిటికీ ఒకటే ఉదాహరణ తీసుకుందాం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్, కుందలహళ్ళి, మారతహళ్ళి వైపు ఉండే కొన్ని తెలుగు కుటుంబాలు ఒక సంఘం పెట్టుకున్నాయి అనుకోండి. ఇంటి అడ్వాన్సు ఎన్ని నెలలది అడుగుతున్నారు, బళ్ళో అడ్మిషన్లు ఎప్పుడు మొదలవుతాయి, సంక్రాంతికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు కావాలంటే ఎప్పుడు బుక్ చేయాలి... ఫోన్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు ఏటా కొత్తగా వస్తాయి. చెప్పినవాళ్ళే మళ్ళీ చెప్పాలి. బోర్డులో అయితే ఒక ప్రశ్నకు ఒక టాపిక్ ఉంటుంది. రైలు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులు అయింది కదా, టాపిక్ మొదలుపెట్టినవాళ్ళు తమ మొదటి పోస్టునే దిద్దితే చాలు, తర్వాత వెతికినవాళ్ళకి సరైన మాట దొరుకుతుంది. ఇంత పనికొచ్చే వస్తువును, పైసా ఖర్చు లేకుండా, జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద 2000 నుంచీ స్వచ్ఛందంగా నిలబెడుతున్నారంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

అడ్మిన్ ప్యానెల్‌ని ఇకమీద ఏసీపీ అందాం. అందులో ఫోరమ్స్ ట్యాబ్‌కి వెళ్ళండి. కేటగిరీ అంటే పైన కనిపించే శీర్షిక మాత్రమే, అందులో పోస్టులు పడవు. పోస్టులు పడేది ఫోరమ్‌లో. 'మన అవసరాలు' అని ఒక కేటగిరీ పెట్టి, దాని కింద 'ఇళ్ళు, అద్దెలు', 'పిల్లల చదువులు', 'ఊరి ప్రయాణాలు' అని మూడు ఫోరమ్‌లు చేయండి. 'సంఘం లెక్కలు' అని ఇంకొకటి, కమిటీ వాళ్ళకి మాత్రమే. నాలుగు చాలు. ఉత్సాహం కొద్దీ పాతిక ఫోరమ్‌లు తెరిస్తే, ఏ ఫోరమ్‌లో చూసినా ఒకటీ రెండూ పోస్టులు పడి ఉంటాయి. వచ్చినవాళ్ళు అక్కడ ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతారు.

కొత్త ఫోరమ్ చేయగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఏసీపీలో ఉంటుంది, బోర్డులో మాత్రం కనిపించదు. అడ్మిన్‌కి కూడా కనిపించదు. అది లోపం కాదు. పర్మిషన్ ఇవ్వనంతవరకు ఏ ఫోరమూ ఎవరికీ కనిపించకూడదన్నది ఈ సాఫ్ట్‌వేర్ పద్ధతి. బోర్డు స్థాపకుడికి అడ్మిన్ అధికారాలు ఎప్పుడూ ఉంటాయి కానీ, ఫోరమ్ చూసే విషయంలో ఆయనకూ మినహాయింపు లేదు. ఫోరమ్ చేసేటప్పుడే 'కాపీ పర్మిషన్స్ ఫ్రమ్' అనే చోట, ఇన్‌స్టాల్‌తో వచ్చిన మొదటి ఫోరమ్‌ని ఎంచుకుంటే ఈ ఇబ్బంది రాదు. 'మన అవసరాలు' కేటగిరీకీ, పై మూడు ఫోరమ్‌లకూ అలాగే చేయండి; కేటగిరీకి పర్మిషన్ లేకపోతే దాని కింది ఫోరమ్‌లూ కనిపించవు. 'సంఘం లెక్కలు'కి మాత్రం కాపీ చేయకండి.

ఇక అసలు విషయం. ఈ పాఠంలో ఇదొక్కటి బాగా పట్టుబడితే నాకు చాలు.

పర్మిషన్లు మనుషులకు కాకుండా గ్రూపులకు ఇస్తాం. ప్రతి పర్మిషన్‌కీ మూడు విలువలు: ఎస్, నో, నెవర్. ఒక మనిషి ఒకేసారి రెండు మూడు గ్రూపుల్లో ఉండొచ్చు. మీరే చూడండి, అడ్మినిస్ట్రేటర్స్‌లో ఉన్నారు, రిజిస్టర్డ్ యూజర్స్‌లోనూ ఉన్నారు. ఒక గ్రూపు నో అని, ఇంకోటి ఎస్ అంటే ఎస్ నెగ్గుతుంది. అంటే నో అన్నది నిషేధం కాదు, ఈ గ్రూపు తరఫున ఏమీ ఇవ్వలేదని మాత్రమే. ఏదో ఒక గ్రూపు నెవర్ అన్నదంటే మాత్రం మిగతా గ్రూపులన్నీ ఎస్ అన్నా లాభం లేదు.

'సంఘం లెక్కలు' దగ్గర ఈ తేడా తెలుస్తుంది. మామూలు సభ్యులకు కనిపించకూడదు కాబట్టి రిజిస్టర్డ్ యూజర్స్‌కి 'నో యాక్సెస్' అనే రోల్ (ముందే కట్టగట్టి పెట్టిన పర్మిషన్లు) ఇద్దామనిపిస్తుంది. పేరు కూడా సరిగ్గా అతికినట్టే ఉంది. కానీ ఆ రోల్ లోపల ఉన్నది నెవర్. కమిటీ సభ్యులూ రిజిస్టర్డ్ యూజర్లే, మీరూ అంతే. ఆ ఒక్క క్లిక్కుతో అందరూ బయటే. చేయాల్సింది ఇది: యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో 'కమిటీ' అని ఒక గ్రూపు చేసి, దాన్ని క్లోజ్డ్‌గా పెట్టి, సభ్యుల్ని మీరే చేర్చండి. 'సంఘం లెక్కలు'లో ఆ గ్రూపుకి 'స్టాండర్డ్ యాక్సెస్' ఇవ్వండి. రిజిస్టర్డ్ యూజర్స్‌కి ఏ రోలూ ఇవ్వకండి. ఇవ్వకపోతే చాలు, కనిపించదు.

మరి నెవర్ ఎందుకు పెట్టారు? కొత్తగా చేరినవాళ్ళ గ్రూపు చూస్తే అర్థమవుతుంది. న్యూలీ రిజిస్టర్డ్ యూజర్స్ కోసం ఉన్న రోల్‌లో, ఆమోదం లేకుండా పోస్టు చేసే పర్మిషన్ నెవర్‌లో ఉంటుంది. కొత్తవాళ్ళు రిజిస్టర్డ్ యూజర్స్‌లోనూ ఉంటారు కాబట్టి, అక్కడి ఎస్‌ని ఆపాలంటే నో సరిపోదు. మామూలుగా మూడు పోస్టులు అయ్యాక ఈ గ్రూపు నుంచి సభ్యులు వాటంతటవే బయటపడతారు. అప్పుడు నెవర్ కూడా పోతుంది. స్పామ్ వేసేవాళ్ళ మొదటి పోస్టు అందరి కంటా పడకుండా ఆపేది ఇదే. దీన్ని తీసేయకండి.

అద్దెల ఫోరమ్‌లో జనం ఫోన్ నంబర్లు, ఫ్లాట్ నంబర్లు రాస్తారు. అందుకని అక్కడ గెస్ట్స్ (లాగిన్ కాకుండా చూసేవాళ్ళు) రోల్ తీసేస్తాం. అంతటితో ఆగకూడదు. బాట్స్ అని ఇంకో గ్రూపు ఉంది, సెర్చ్ ఇంజన్ల కోసం. మనం పర్మిషన్లు కాపీ చేశాం కాబట్టి దాని రోల్ కూడా వచ్చి ఉండొచ్చు. అది ఉన్నంతకాలం మనిషికి కనిపించని నంబరు సెర్చ్ ఇంజన్‌కి కనిపిస్తుంది. గెస్ట్స్, బాట్స్ రెండూ తీయాలి. పక్కింటివాళ్ళు మనల్ని నమ్మి రాసిన నంబరు అది, ఈ ఒక్క చోట బద్ధకించకండి. 'ఊరి ప్రయాణాలు' మాత్రం అందరికీ తెరిచి ఉంచితే మేలు. యశ్వంతపూర్ నుంచి రైలెక్కే ఏ తెలుగువారికైనా అది పనికొస్తుంది.

ఒక మాట జాగ్రత్త: పాత సలహాలు దొరికితే వెర్షన్ చూడండి. ఈ ఎస్, నో, నెవర్ పద్ధతి 2007 డిసెంబరులో వచ్చిన 3.0తో మొదలైంది. 2.0 నాటి మాటలు ఇక్కడ పనిచేయవు.

తెలుగు పేర్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చేద్దాం. యూజర్‌నేమ్ తెలుగులో పెట్టుకోవచ్చు, కాకపోతే పొడవు మొదట 3 నుంచి 20 వరకే ఉంటుంది. గుణింతం గుర్తు, పొల్లు, సున్న వేటికవే లెక్కలోకి వస్తాయి. కంటికి తొమ్మిది అక్షరాలే అనిపించే 'వెంకటసత్యసుబ్రహ్మణ్యం' ఆ లెక్కలో 21. పెద్దాయన పేరు తీసుకోనంటే బోర్డు పాడైందనుకుంటారు. ఏసీపీలో యూజర్ రిజిస్ట్రేషన్ సెట్టింగ్స్‌కి వెళ్ళి 20ని 40 చేయండి.

వచ్చే పాఠంలోపు ఈ పని చేయండి. మూడు ఉత్తుత్తి ఖాతాలు తెరవండి: కొత్త సభ్యుడు, మామూలు సభ్యుడు, కమిటీ సభ్యురాలు. ఏసీపీలో ఒక్కొక్కరి పేజీకి వెళితే, పేరు పక్కనే వాళ్ళ పర్మిషన్లు పరీక్షించే లింకు ఉంటుంది. అది నొక్కి, వాళ్ళ కళ్ళతో బోర్డు చూడండి. ఇన్‌స్టాల్‌తో వచ్చిన మొదటి ఫోరమ్‌ని లెక్కలోకి తీసుకోకండి. కమిటీ సభ్యురాలికి నాలుగు ఫోరమ్‌లు, మిగతా ఇద్దరికీ మూడే కనిపించాలి. లాగౌట్ అయి చూస్తే 'ఊరి ప్రయాణాలు', 'పిల్లల చదువులు' మాత్రమే ఉండాలి. ఎక్కడైనా లెక్క తేడా వస్తే పర్మిషన్స్ ట్యాబ్‌లో 'వ్యూ ఫోరమ్ బేస్డ్ పర్మిషన్స్' తెరవండి. ప్రతి పర్మిషన్ పక్కన ఉన్న గుర్తు నొక్కితే, అది ఏ గ్రూపు నుంచి వచ్చిందో వరసగా చూపిస్తుంది. మూడో పాఠంలో బోర్డును ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కి ఎక్కించి, బ్యాకప్ తీయడం నేర్చుకుందాం.