గేమ్ షో వరుస తప్పినప్పుడు: చిత్రీకరణలోనూ ప్రసార పట్టికలోనూ వచ్చే సమస్యలు - పరిష్కారాలు

కోనసీమలోని ఒక స్థానిక కేబుల్ ఛానల్‌లో పదిహేనేళ్లుగా సాగుతున్న మహిళల గేమ్ షోకు నిర్మాణ పర్యవేక్షణ నా బాధ్యత. సోమవారం నుంచి శుక్రవారం వరకు ప్రతి సాయంత్రం అరగంట ప్రసారమయ్యే ఈ కార్యక్రమాన్ని మేము రోజూ చిత్రీకరించము. నెలకు రెండు విడతలుగా, విడతకు రెండు రోజుల చొప్పున, రోజుకు ఐదు ఎపిసోడ్లు రికార్డు చేసి పెట్టుకుంటాము. అమెరికాలో 1984 నుంచి ఇప్పటి రూపంలో నడుస్తున్న ‘జెపర్డీ’ అనే క్విజ్ కార్యక్రమం కూడా రోజుకు ఐదు ఎపిసోడ్ల చొప్పునే చిత్రీకరణ జరుపుకుంటుంది. ఛానల్ చిన్నదైనా పెద్దదైనా, రికార్డు చేసిన రోజుకూ ప్రసారమయ్యే రోజుకూ మధ్య ఉండే ఎడంలోనే సగానికి పైగా తప్పులు పుడతాయని నా అనుభవం. తెర మీద కనిపించిన తప్పు నుంచి మొదలుపెట్టి, దాని మూలం దాకా వెళ్లి, దాన్ని సరిచేసే విధానాన్ని కింద రాస్తున్నాను.

సమస్య: నిన్న ఓడిపోయిన పోటీదారు ఈరోజు విజేత కుర్చీలో కూర్చుని ఉంది

గెలిచిన ఆమె తరువాతి ఎపిసోడ్‌లోనూ కొనసాగే ఆటలకు ఇంతకంటే పెద్ద తప్పు లేదు. రోజూ చూసే ఇల్లాలికి క్షణంలో తెలిసిపోతుంది, ఐదు నిమిషాలు గడవకముందే ఆఫీసు ఫోను మోగుతుంది.

ఇది ఎడిటర్ అజాగ్రత్త అని అందరూ తేల్చేస్తారు గానీ, చాలాసార్లు కారణం అది కాదు. ఫైలుకు ప్రసార తేదీనే పేరుగా పెట్టడం అసలు కారణం. ఒక ఆగస్టులో గోదావరి వరద వార్తల కోసం మా కార్యక్రమం మూడు రోజులు నిలిచిపోయింది. నాలుగో రోజు ప్లేఅవుట్‌లో, అంటే ఫైళ్లను ప్రసారానికి పంపే గదిలో కూర్చున్న కుర్రవాడు ఆనాటి తేదీ ఉన్న ఫైలును వెదికి, అదే నడిపాడు. అతని వైపు నుంచి చూస్తే తప్పేమీ లేదు, పేరులో ఉన్న తేదీ సరైనదే. కానీ మధ్యలో మూడు ఎపిసోడ్లు ప్రసారం కాకుండా మిగిలిపోయాయి, వాటిలో విజేత రెండుసార్లు మారింది.

అందువల్ల ఫైలు పేరులో తేదీ ఉండకూడదు. రికార్డు చేసిన రోజున ఇచ్చిన వరుస సంఖ్య ఒక్కటే ఉండాలి, ఆ సంఖ్యను ఏ పరిస్థితిలోనూ మార్చకూడదు. ప్రసార తేదీ రిజిస్టరులో మాత్రమే ఉండాలి, అదీ పెన్సిలుతో రాయాలి. ఆ రిజిస్టరులోనే ‘దీనికి ముందు రావలసినది’ అని మరొక గడి గీయండి. ఆ గడిలో సంఖ్య ఉంటే, ఆ సంఖ్య గల ఎపిసోడ్ ప్రసారమైనట్టు సంతకం పడనిదే దీన్ని నడపకూడదు. ప్రసారం ఆగిపోతే, ఇలా ఒకదానికొకటి ముడిపడిన ఎపిసోడ్ల గొలుసు మొత్తాన్ని వెనక్కి జరపాలి గానీ, మధ్యలోని ఎపిసోడ్‌ను వదిలి ముందుకు పోకూడదు. 2000లో మొదలైన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’లో హూటర్ మోగగానే ఆట ఆగిపోయి, అదే పోటీదారు తరువాతి ఎపిసోడ్‌లో కొనసాగడం మనందరం చూసినదే. అలాంటి ఆటలకూ ఈ గొలుసు గడి అంతే అవసరం.

గొలుసుతో సంబంధం లేని విడి ఎపిసోడ్లు కొన్ని చేతిలో ఉంచుకోవడం కూడా తప్పనిసరి. మేము ప్రతి విడతలోని పది ఎపిసోడ్లలో రెండింటిని అత్తాకోడళ్ల ఆటగానో, కాలేజీ విద్యార్థినుల ఆటగానో, ఆ రోజే ముగిసిపోయేలా తీస్తాము. ఒక గొలుసు ముగిసి మరొకటి మొదలయ్యే చోట వాటిని ఎప్పుడు కావాలన్నా నడపవచ్చు.

ఈ సమస్యకే మరొక చిన్న రూపం ఉంది. ఐదు ఎపిసోడ్లూ ఒకే రోజు తీసినట్టు ప్రేక్షకులకు తెలిసిపోతుంది. చీర మార్చుకోవాలని పోటీదారులకు ముందే చెబుతాము, ఒక్కొక్కరు మూడేసి చీరలు తెచ్చుకుంటారు. కానీ మమ్మల్ని పట్టిచ్చినవి పూలు. పొద్దున పది గంటలకు జడలో విచ్చీ విచ్చని మల్లెమొగ్గలు, సాయంత్రం ఐదో ఎపిసోడ్‌కల్లా లైట్ల వేడికి అంచులు గోధుమరంగు తిరిగి, దారానికి వేలాడుతూ క్లోజప్‌లో కనిపించాయి. మూడో ఎపిసోడ్‌లో కొత్త చీర కట్టుకున్న ఆమె జడలో వాడిన పూలు ఎలా వచ్చాయని ఒక ప్రేక్షకురాలు ఉత్తరం రాశారు. అప్పటి నుంచి రికార్డింగ్ రోజున కడియం నుంచి తెప్పించిన పూలను తడిగుడ్డలో చుట్టి ఉంచి, ప్రతి రెండు ఎపిసోడ్లకు మార్పిస్తున్నాము. సెట్‌లో గోడ గడియారం అసలే ఉండకూడదు.

సమస్య: పండుగ అయిపోయిన తరువాత యాంకర్ పండుగ శుభాకాంక్షలు చెబుతోంది

ఆట మధ్యలో, మాటల్లో కలిసిపోయేలా శుభాకాంక్షలు రికార్డు చేయడం దీనికి కారణం. ఎపిసోడ్ రెండు రోజులు వెనక్కి జరిగితే ఆ మాటను తీసేయడం ఎడిటర్‌కు సాధ్యం కాదు. పైగా మన పండుగలు ఇంగ్లీషు తేదీలకు కట్టుబడి ఉండవు. సంక్రాంతి కూడా 2024లో జనవరి 15న, 2025లో జనవరి 14న వచ్చింది. కిందటేటి పట్టికను చూసి ఈ ఏటి పట్టిక వేసుకుంటే సంక్రాంతి నాడే కనుమ ఎపిసోడ్ ప్రసారమైపోతుంది.

శుభాకాంక్షలను ఇరవై సెకన్ల విడి క్లిప్పుగా రికార్డు చేసి, ప్రసారానికి ముందు రోజు ఎపిసోడ్ మొదట్లో అతికించండి. ‘ఈరోజు’, ‘నిన్న’, ‘ఈ శ్రావణ శుక్రవారం’, ‘ఇంత ఎండలో కూడా’ వంటి మాటలు ఆట మధ్యలో రాకుండా యాంకర్‌కు ముందే చెప్పండి. పోటీదారుల నోటి నుంచి మాత్రం అవి వస్తూనే ఉంటాయి. ప్రభల తీర్థం నిన్ననే చూసి వచ్చామని ఒకావిడ సంబరంగా చెబుతుంటే ఆపడం కష్టం, ఆపకూడదు కూడా. అలాంటి మాట వచ్చిన వెంటనే ఫ్లోర్ మేనేజర్ సమయం రాసుకుంటే, ఎడిటర్ ప్రేక్షకుల చప్పట్ల దృశ్యం వేసి దాన్ని దాటవేయగలడు.

సమస్య: జవాబు చెప్పే క్షణంలో ప్రకటన వచ్చి, తిరిగి వచ్చేసరికి ఆట ముందుకు వెళ్లిపోయింది

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అందులో 10 నిమిషాలు వాణిజ్య ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానల్ సొంత ప్రచారానికి. అంటే అరగంట స్లాట్‌లో ఆటకు 24 నిమిషాలు మిగలాలి. ఎడిటర్ 25 నిమిషాల 40 సెకన్ల ఫైలు ఇస్తే, ప్లేఅవుట్‌లో ఎవరో ఒకరు దాన్ని ఎక్కడో ఒకచోట కోయక తప్పదు. ఆషాఢం చీరల తగ్గింపులూ సంక్రాంతి బంగారం ప్రకటనలూ వచ్చిపడే వారాల్లో ఈ కోత మరీ ఇష్టానుసారంగా జరుగుతుంది.

కోత ఎక్కడ పడాలో ఎడిటింగ్ గదిలోనే నిర్ణయమైపోవాలి. విరామ స్థలాలను ఫైలులో రెండు సెకన్ల నల్ల తెరతో గుర్తించి, వాటి సమయాలను రిజిస్టరులో రాసి పంపండి. ప్రతి ఎపిసోడ్‌లో ఒక సాగే ముక్కను కూడా ఉంచండి. మాకు అది పోటీదారు తన ఊరి గురించి, ఇంట్లో వంట గురించి చెప్పే భాగం. దాన్ని నలభై సెకన్లకు కుదించినా, రెండు నిమిషాలకు పెంచినా ఆట చెడదు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న భాగాన్ని మాత్రం ఒక్క సెకను కూడా తగ్గించవద్దు, ఆ నిశ్శబ్దం కోసమే జనం కూర్చుని చూస్తారు.

సమస్య: రికార్డింగ్ రోజున పోటీదారులు రారు, లేదా హాలు దొరకదు

పట్టికను ఇంగ్లీషు క్యాలెండరు చూసి వేయడమే ఇందుకు కారణం. మాకు సొంత స్టూడియో లేదు, కల్యాణ మండపంలో సెట్ వేసుకుంటాము. ముహూర్తాలు ఉన్న రోజుల్లో మండపం దొరకదు, దొరికినా అద్దె భరించలేము. మూఢమిలోనూ ఆషాఢ, పుష్య మాసాల్లోనూ మండపాలు ఖాళీగా ఉంటాయి కనుక, ఆ రోజుల్లో ఎక్కువ ఎపిసోడ్లు తీసి నిల్వ చేసుకోవాలి. అయితే ఆషాఢంతో ఇంకో చిక్కు ఉంది. ఊడ్పులు మొదలైతే పొలం పనులున్న ఇళ్ల నుంచి ఆడవాళ్లు రాలేరు, ఆ వెంటనే వరద కాలం వస్తుంది.

లంక గ్రామాల నుంచి వచ్చే పోటీదారుల విషయంలో ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టాన్ని చూసి నిర్ణయం తీసుకోవడం మాకు అలవాటు. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే కనకాయలంక వంటి చోట్ల కాజ్‌వే మీద నీరు ఉంటుందని భావించి, ఆ ప్రాంతపు పోటీదారులను తరువాతి విడతకు మార్చి, పట్టణాల నుంచి ఇద్దరిని అదనంగా పిలుస్తాము. పడవ మీద వస్తామని వారు పట్టుబట్టినా ఒప్పుకోము. ఆట కోసం ఎవరినీ వరదలో ప్రయాణం చేయించకూడదు. వారి అవకాశం అలాగే ఉంటుందని ఫోనులో స్పష్టంగా చెప్పి, తరువాతి విడత జాబితాలో వారి పేర్లు ముందు రాయండి.

సమస్య: “ముందు నొక్కింది నేనేనండీ, లైటు ఆవిడకి వెలిగింది”

ఈ మాట విన్నప్పుడు పోటీదారును అనుమానించవద్దు, ముందు బజర్‌ను విప్పి చూడండి. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతంలో రెండు నెలలు వాడకుండా పెట్టిన బజర్ లోపల ఇత్తడి పలక మీద పచ్చటి చిలుము పడుతుంది. వేలితో తుడిస్తే పొడిలా అంటుకుంటుంది. బొత్తాం కిందికి దిగినట్టే ఉంటుంది గానీ, మరికాస్త గట్టిగా అదిమే దాకా కరెంటు పారదు. ఆ ఆలస్యం చాలు, ఆట చేతులు మారడానికి. సన్నని గరుకు కాగితంతో పలకలను రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరిన తరువాత బిగించండి. రికార్డింగ్‌కు ముందు రోజు ఒక్కొక్క బజర్‌ను ఇరవైసార్లు, వేలి కొసతో మెల్లగా నొక్కి చూడాలి.

బజర్ బాగానే ఉంటే కారణం ప్రశ్న పూర్తయ్యే సమయంలో ఉంటుంది. ప్రశ్న చదవడం ముగియకముందే నొక్కనిస్తే తగవు తీరదు. ప్రశ్న ముగిశాకే బజర్లు పనిచేసేలా ఒక స్విచ్ పెట్టి, అవి పనిచేయడం మొదలైనట్టు పోటీదారులకు కనిపించే దీపం వెలిగించాలి. మొదట నొక్కిన వారి తరువాత మిగిలిన బజర్లు వాటంతట అవే ఆగిపోవాలి.

సమస్య: దృశ్యంలో చారలు కదులుతున్నాయి, లేదా మాటకు పెదవి కలవడం లేదు

మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా షట్టర్‌ను 1/60 సెకను వేగంలో ఉంచి ట్యూబులైట్ల కింద తీస్తే చారలు వస్తాయి. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. చీకటి పడ్డాక రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు నడిచి వోల్టేజీ పడిపోయే ఊళ్లలో సెట్ లైట్లకు స్టెబిలైజర్ ఉండాలి. పెదవి కలవకపోవడం ఎక్కువగా పోటీదారులు ఇంటి దగ్గర ఫోనుతో తీసి పంపిన వీడియోల్లో వస్తుంది. ఫోను ఫ్రేముల వేగం మారుతూ ఉంటుంది కనుక, ఎడిటింగ్‌కు తీసుకునే ముందే ఆ వీడియోను 25 ఫ్రేముల స్థిర వేగానికి మార్చాలి.

సమస్య: బహుమతి తక్కువ ఇచ్చారని విజేత బాధపడుతోంది

గేమ్ షోలో గెలిచిన మొత్తం 10,000 రూపాయలు దాటితే 30 శాతం ఆదాయపు పన్నును ముందే మినహాయించి చెల్లించాలి. యాభై వేలు గెలిచానని ఊరంతా చెప్పుకున్న ఆమె చేతికి ముప్పై ఐదు వేలు వస్తే, మోసపోయాననే అనుకుంటుంది. బహుమతి బంగారు నాణెమో ఫ్రిజ్జో అయితే, ఆ విలువ మీద పన్ను చెల్లింపు జరిగిందని నిర్ధారించుకున్న తరువాతే వస్తువును ఇవ్వాలి. ఈ విషయం ఎవరూ చెప్పకపోవడమే బాధకు కారణం.

రికార్డింగ్ రోజు ఉదయం, టిఫిను పెట్టిన తరువాత, మేకప్‌కు ముందు, పోటీదారులందరినీ కూర్చోబెట్టి ఈ లెక్కను తెలుగులో రాసిన కాగితం చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. పాన్ కార్డు నకలు, బ్యాంకు ఖాతా వివరాలు అప్పుడే తీసుకోవాలి. ఫలితం బయటకు పొక్కకుండా బహుమతిని ప్రసారమైన తరువాతే ఇస్తామని, ప్రసారం వాయిదా పడితే బహుమతి కూడా అన్ని రోజులు ఆలస్యమవుతుందని అదే కాగితంలో ఉండాలి. ఎపిసోడ్ తేదీ మారిన ప్రతిసారీ, మొదట ఆ విజేతకు ఫోను చేసి కొత్త తేదీ చెప్పి, ఆ తరువాతే రిజిస్టరులో పెన్సిలు గీతను చెరిపి దిద్దండి.