లిఫ్ట్ చేసిన ట్రక్కులో స్టీరింగ్ వణుకు: నాకు తగ్గింది ఇలా

ట్రక్కును లిఫ్ట్ చేసి, అంటే సస్పెన్షన్ ఎత్తు పెంచి, 35 అంగుళాల టైర్లు వేశాక, గంటకు 90 కిలోమీటర్ల దగ్గర చిన్న గతుకు తగిలితే చాలు స్టీరింగ్ గజగజ ఊగేది, స్పీడ్ బాగా తగ్గిస్తేగానీ ఆగేది కాదు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, ముందు టైర్లు వెనక్కి మార్చడం, కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది), అన్నీ అయ్యాయి, ఫలితం లేదు. డ్యాంపర్ అసలు రోగాన్ని కప్పిపెడుతుందంతే.

దొరికింది ఇలా. బండిని జాకీ మీద ఎత్తకుండా, చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పమని, నేను కిందకి దూరి ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూశాను. టై రాడ్ (ముందు చక్రాలు రెండూ కలిసి తిరిగేలా కలిపే కడ్డీ) చివర్లు గట్టిగానే ఉన్నాయి. ట్రాక్ బార్‌కి (యాక్సిల్ పక్కలకు జరగకుండా దాన్ని ఫ్రేమ్‌కి కలిపి ఉంచే కడ్డీ) ఫ్రేమ్ వైపు చివర మాత్రం టక్ టక్‌మంటోంది, బోల్ట్ రంధ్రంలోనే జరుగుతోంది. విప్పితే రంధ్రం కోలగా అరిగిపోయి ఉంది!

బ్రాకెట్‌కి సరైన సైజు రంధ్రమున్న మందపాటి వాషర్లు వెల్డింగ్ చేయించి, కొత్త బుష్, కొత్త బోల్ట్ వేసి, బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే మాన్యువల్లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాను. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి త్వరగా పోతుంది. కొంత తిరిగాక టార్క్ మళ్లీ చూసుకున్నాను, వణుకు ఇప్పటికైతే రాలేదు.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. ఇది ముందు వైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే యాక్సిల్) ఉన్న బండి, ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ట్రాక్ బారే ఉండదు. గతుకు లేకుండానే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు వణుకు మారుతుంటే మొదట డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కి చేర్చే షాఫ్ట్) కోణాలు, దాని చివర్ల ఉండే యూ జాయింట్లు చూడండి.