మామూలు మైక్రోస్కోపులో ధ్రువణ కాంతిని అమర్చుకునే పద్ధతి

కళాశాల ప్రయోగశాలలో ఉండే మామూలు మైక్రోస్కోపును ధ్రువణ కాంతికి (ఒకే దిశలో కంపించే కాంతికి) అనువుగా మార్చుకోవడానికి రెండు పోలరాయిడ్ రేకులు (అలాంటి కాంతిని మాత్రమే పోనిచ్చేవి) చాలు. అయితే స్లైడు లేనప్పుడు నేపథ్యం ఎంత నల్లగా ఉంటే, స్లైడు పెట్టాక వివరం అంత స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి ముందు ఆ చీకటిని సాధించాలి, నమూనా సంగతి తరువాత.

మొదట మామూలు కాంతిలో నమూనా వైపు ఉండే 10 రెట్ల కటకం, అంటే ఆబ్జెక్టివ్‌తో ఏదైనా స్లైడును ఫోకస్ చేసి, దీపం కాంతిని నమూనా మీదికి చేర్చే కండెన్సర్‌ను సరైన ఎత్తులో నడిమికి సర్దుకోవాలి. స్లైడు తీసేసి, ఒక రేకును కండెన్సర్ కింద, దీపం గాజు మీద ఉంచాలి; ఇది పోలరైజర్. అనలైజర్ అనే రెండవ రేకును ఐపీస్ (కంటి వైపు కటకం) మీద పెట్టేవారు ఉన్నారు కానీ, రెండు కళ్ల మైక్రోస్కోపులో లోపలి పట్టకాలు ధ్రువణాన్ని చెడగొట్టవచ్చు. అందుచేత తలభాగాన్ని పట్టి ఉంచే మరను వదులు చేసి, దాన్ని పైకి తీసి, కింది రంధ్రానికి సరిపడేలా గుండ్రంగా కత్తిరించిన రేకును అక్కడ అమర్చడమే మేలు. హాలోజన్ దీపమైతే వేడికి రేకు పాడవుతుంది కనుక కొంత ఎడం ఉంచాలి.

ఇప్పుడు ఐపీస్‌లో చూస్తూ పోలరైజర్‌ను మెల్లగా తిప్పాలి. వెలుగు తగ్గుతూ వచ్చి, ఒకచోట పూర్తిగా ఆరినట్లవుతుంది. అక్కడ రెండు రేకులూ 90 డిగ్రీల కోణంలో ఉన్నట్లు. ఆ స్థానానికి గుర్తు పెట్టుకోవాలి. ఎంత తిప్పినా బూడిదరంగు పోకపోతే, కాంతి దారిని చిన్నది చేసే కండెన్సర్ డయాఫ్రమ్‌ను కొంచెం మూసి చూడాలి, ఆపై ఆబ్జెక్టివ్‌లను మార్చి చూడాలి, ఎందుకంటే బిగింపు వల్ల ఒత్తిడికి లోనైన గాజు కూడా కాంతిని లీక్ చేస్తుంది. ఒకసారి నేను గంటసేపు రేకులనే అనుమానించాను; తీరా చూస్తే తప్పు నమూనా మీద కప్పే ప్లాస్టిక్ కవర్‌స్లిప్‌ది. అప్పటినుంచి గాజువే వాడుతున్నాను.

కెమెరాకు అమ్మే వృత్త ధ్రువణ ఫిల్టర్‌లో పోలరాయిడ్‌కు తోడు కెమెరా వైపున ధ్రువణాన్ని మార్చే మరో పొర కూడా ఉంటుంది. దాన్ని పోలరైజర్‌గా వాడవలసి వస్తే, కెమెరాకు బిగించే వైపు దీపం వైపుకు ఉండాలి.

పరీక్షకు బంగాళాదుంపను మించిన నమూనా లేదు. కోసిన ముక్కను బ్లేడుతో గీకి, వచ్చిన పాలలాంటి చుక్కను నీటితో కలిపి కవర్‌స్లిప్ వేయాలి. నల్లని నేపథ్యంలో ప్రతి పిండి గింజా తెల్లగా మెరుస్తూ, దానిపై నల్లని కూడిక గుర్తు కనబడుతుంది. ఆ గుర్తు చేతులు గింజ నడిమిన కాక, ఒక కొనకు దగ్గరగా కలుస్తాయి. స్లైడును తిప్పినా గింజ తిరుగుతుందే తప్ప, గుర్తు చేతులు మాత్రం రేకుల దిశలనే పట్టుకుని ఉంటాయి. ఇందుకు భిన్నంగా, ఒంటి చక్కెర పలుకు ఒక పూర్తి చుట్టులో నాలుగుసార్లు ఆరి, నాలుగుసార్లు వెలుగుతుంది. ఉప్పు పలుకు అంచుల్లో మాత్రం కొంచెం మెరిసి, లోపల నల్లగానే ఉండిపోతుంది. అదే బంగాళాదుంప పిండిని 70 డిగ్రీలు దాటిన నీటిలో ఉడికించి చూస్తే, గింజలు ఉబ్బి, ఆ గుర్తు పూర్తిగా చెరిగిపోతుంది.