చిన్నాన్న పెంటాక్స్‌కి నల్ల ఊలు

మాది పర్లాకిమిడి. మా చిన్నాన్నకి ఇక్కడ ఫోటో స్టూడియో ఉండేది. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలును 2004లో ఆపేసే ముందు, ఆయన దాన్ని పెంటాక్స్ కె1000 అనే ఫిల్మ్ కెమెరాతో రెండు రోల్స్ తీశాడు. అన్ని ఫోటోల్లోనూ ఎడమ అంచున ఎర్రటి చార. ల్యాబ్‌లో తప్పు జరిగిందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. తప్పు ల్యాబ్‌ది కాదు. కెమెరా వెనక తలుపు హింజ్ దగ్గర, వెలుతురు దూరకుండా అంటించే ఫోమ్ (మెత్తటి స్పాంజి పట్టీ) కుళ్ళి వెలుతురు దూరింది. హింజ్ కుడివైపే ఉంటుంది గానీ ఫిల్మ్ మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, ఫోటోలో చార ఎడమకి వస్తుంది. మీ పాత ఫోటోల్లోనూ ఒకే చోట అలాంటి చార కనిపిస్తే ముందు ఫోమ్‌నే అనుమానించండి. అది ఇంట్లో మార్చుకోగలిగే పని.

మొదలుపెట్టే ముందు షట్టర్ చూడండి. రివైండ్ నాబ్ పైకి లాగితే వెనక తలుపు తెరుచుకుంటుంది. ఫిల్మ్ లేకుండా, కెమెరాను ఆకాశం వైపు పెట్టి, షట్టర్ వేగం 1000 దగ్గర ఉంచి, వెనక నుంచి చూస్తూ నొక్కండి. వెలుతురు ఫ్రేమ్ అంతా ఒకేలా మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే షట్టర్‌లోని రెండు గుడ్డ తెరలు జత తప్పాయని అర్థం, అది మెకానిక్ పని. ఈ కెమెరాలో బ్యాటరీ ఒక్క మీటర్ (వెలుతురును కొలిచేది) కోసమే. షట్టర్‌కి అక్కర్లేదు. కింద ఉన్న మూతను రూపాయి బిళ్ళతో తిప్పి చూడండి. ఆల్కలైన్ బ్యాటరీ కారి లోపల పచ్చగానో తెల్లగానో పేరుకుంటే, ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లో కొంచెం తడిపి తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్ళీ తుడవండి. కొత్త ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీ వేయండి. ఈ మీటర్‌కి స్విచ్ లేదు, వాడనప్పుడు లెన్స్‌కి మూత పెట్టాలి.

ఇక అసలు పని. పాత ఫోమ్ జిగురు తారులా తయారై ఉంటుంది, ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుంటుంది. దాన్ని తీయడానికి నాకు ఒక ఆదివారమంతా పట్టింది. తొందరపడొద్దు. షట్టర్ తెర మీద ఒక కాగితం ముక్క కప్పి, కెమెరాను బోర్లా పట్టుకుని కింద నుంచి పని చేయండి, ముక్కలు లోపలికి పోకుండా బయటికే రాలుతాయి. వెదురు పుల్లను ఉలిలా చెక్కి, ఆల్కహాల్‌లో ముంచి, వెనక తలుపు అంచులు కూర్చునే, పైనా కిందా ఉన్న సన్నటి గాడుల్లో నెమ్మదిగా గీకాలి. పుల్ల నాని మెత్తబడితే మళ్ళీ చెక్కుకోండి. ఇనుప వస్తువు వద్దు. లెన్స్ వెనక ఉండే అద్దం పైకి లేచినప్పుడు తగిలే ఫోమ్‌ను నేను ట్వీజర్‌తో లాగితే ట్వీజర్ జారి ఫోకసింగ్ స్క్రీన్ (కన్ను పెట్టి చూసే బొమ్మ పడే పలక) మీద గీత పడింది. ఆ గీత ఫోటోలో రాదు, కానీ కన్ను పెట్టిన ప్రతిసారీ కనిపిస్తుంది. అక్కడ ఆల్కహాల్ కూడా చుక్క కారనివ్వొద్దు. అద్దాన్ని తుడవొద్దు, దాని పూత పైనే ఉంటుంది, ఇట్టే గీసుకుపోతుంది.

కొత్త ఫోమ్ మా ఊళ్ళో దొరకలేదు. గాడుల్లోకి నల్ల ఊలు దారం వేశాను. స్వెటర్లు అల్లే మామూలు దారమే. పుల్లతో నొక్కుతూ పరచి, రెండు చివర్లా మాత్రం చిటికెడు జిగురు పెట్టాను. గాడి నిండా జిగురు పూస్తే ఊలు గట్టిపడి వెలుతురును ఆపదు. హింజ్ దగ్గర దర్జీ షాపులో అడిగి తెచ్చిన నల్ల వెల్వెట్ ముక్క, దాని కింద డబుల్ సైడ్ టేప్. తలుపు మూసేటప్పుడు కొంచెం ఒత్తిడి తెలియాలి, కానీ బలవంతంగా నొక్కాల్సి రాకూడదు. అలా వస్తే వెల్వెట్ మందం ఎక్కువైందని. అద్దం పైన పలచటి ఫోమే కావాలి, మందమైతే అద్దం పూర్తిగా పైకి లేవదు.

వానాకాలం తేమకి లెన్స్‌లో బూజు మా వైపు మామూలే. వెనక గాజు పైన సాలెగూడులా ఉంటే లెన్స్ టిష్యూతో పోతుంది. లోపల ఉంటే విప్పకండి. తోలు కేస్‌లో మాత్రం దాచొద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. బిగుసుకున్న చోట నూనె చుక్క వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నూనె పాకుతూ తెరల దాకా పోతుంది.

పరీక్షకి ఒక రోల్ వాడాల్సిందే. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక్కో ఫోటో తీశాక కెమెరా వెనక వైపును రెండు నిమిషాలు సూర్యుడికేసి పెట్టాను. ఏ ఫ్రేమ్‌కి ఏ పక్కన ఎండ తగిలిందో పుస్తకంలో రాసుకున్నాను. నెగెటివ్ వచ్చాక చిన్నాన్నే పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. మొదటి ఫ్రేమ్ నుంచి 36వ ఫ్రేమ్ దాకా ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసి, "చార లేదురా" అన్నాడు.